పంపుహౌసు పెట్టెలో నలభై ఒకటో భాగం

మాజేటి పానకాలు ఆ పనిలోకి దిగిననాడు చేతిలో ఉన్నవి ఇవి: ఒక సోల్డరింగు ఐరన్, ఒక మల్టీమీటరు, మూడు స్క్రూడ్రైవర్లు, ఒక పట్టకారు, మంచినీళ్ళు తాగే ముందు కొరుక్కోవడానికి జేబులో ఎప్పుడూ ఉండే బెల్లం ముక్క, ముప్పై రెండేళ్ల అనుభవం, ఇంటి కుళాయిలో రోజుకు పదకొండు నిమిషాల నీళ్ళు, "మున్సిపాలిటీ పని నెత్తికెత్తుకోకురా" అని తండ్రి పోతూ పోతూ చెప్పిన మాట. వీటిలో ఆఖరిది మొదటిరోజే ఖర్చయిపోయింది.

రావెలపురం బజారులో పానకాలుకు దుకాణం ఉంది. ఏడాదిలో ఎనిమిది నెలలు పొలం మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తాడు. తక్కిన నాలుగు నెలలు తిరునాళ్ళలో నిలిపే ఎత్తైన ప్రభలకు లైట్లు ఆర్పి వెలిగించే పెట్టెలు తయారుచేస్తాడు. ప్రభ మీద లైట్ల నెమలి పురి విప్పాలంటే ఏ వరుస ఎప్పుడు వెలగాలో ముందే ఒక చిప్పులో రాసి పెట్టాలి. ఆ విద్య అతనికి బాగా వచ్చు. ఏ విషయాన్నయినా ఉన్నదెంత, పోయిందెంత, మిగిలిందెంత అని చూడడం కూడా వచ్చు. అది మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు.

నీళ్ళ విషయంలోనే లెక్క కుదరలేదు. ఊళ్ళో మూడు పేటలు. పంపుహౌసులో ఉన్న ఒకే ఒక కంట్రోలరు పెట్టె వంతులవారీగా వాల్వులు తెరిచి మూడు పేటలకూ నీళ్ళు వదులుతుంది. కోటపేటకు నలభై నిమిషాలు. రథంపేటకు నలభై నిమిషాలు. పానకాలు కాపురమున్న గానుగపేటకు కూడా ఒకప్పుడు నలభయ్యే. మూడేళ్ల కిందట ఒక పొద్దున అది పదకొండయింది, మళ్ళీ పెరగలేదు. పేటవాళ్ళు తొమ్మిదిసార్లు అర్జీ పెట్టారు. తొమ్మిదిసార్లూ ఒకటే జవాబు వచ్చింది: "సదరు పెట్టె ప్రోగ్రామబుల్ అయినందున, సదరు పదకొండు నిమిషములు ప్రోగ్రాములోనే ఉండవచ్చునని భావించడమైనది."

ఆ పెట్టె చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. లోపలి సర్క్యూటు బొమ్మ ఎవరి దగ్గరా లేదు. ప్రోగ్రాముకు తాళం వేసిన సంకేతపదం ఎవరికీ తెలియదు. పెట్టెను విప్పి చూద్దామంటే దాని మీద ప్రభుత్వ సీలు ఉంది.

ఇలా ఉండగా పైనుంచి సర్క్యులర్ వచ్చింది. రాష్ట్రమంతా "విలోమ సాంకేతికతా పక్షోత్సవాలు" జరపాలి. ప్రతి పురపాలక సంఘమూ తన దగ్గరున్న ఒక యంత్రాన్ని విప్పి, లోపల ఏమున్నదో కనిపెట్టి, దానికి నకలు తయారుచేసి, స్వయంసమృద్ధి సాధించి, పదిహేను రోజుల్లో ఫొటోలు పంపాలి.

మున్సిపాలిటీ ఇంజనీరు, డీఈ శరభలింగం పానకాలును పిలిపించాడు. శరభలింగం మాట్లాడితే ఫైలు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా "తగు చర్య నిమిత్తం" అంటాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

"శెట్టిగారూ, పెట్టెను విప్పి, అందున్న సమస్తమును కాగితముపై పెట్టి, దానికి నకలు చేయవలెను. నకలు అసలుకు రవ్వంత కూడా భిన్నముగా ఉండరాదు. ఇది పేరా నాలుగు."

"అట్టాగే సార్. విప్పినప్పుడు మూడో వాల్వు సంగతి కూడా చూస్తాను. మా పేటకు మూడేళ్ళ నుంచీ..."

"చూడరాదు."

"ఎందుకని సార్?"

"బాగుచేయుట మరమ్మతుల పద్దు. ఇది పరిజ్ఞానం పద్దు. పరిజ్ఞానం పద్దులో ఏదైనా బాగుపడినట్లు తేలితే, ఆడిట్‌వారికి నేనేమని సమాధానం చెప్పుకోను?"

"పోనీ, ఎందుకు చెడిందో తెలుసుకోవచ్చా అండీ?"

శరభలింగం సర్క్యులర్ రెండుసార్లు తిరగేశాడు. "తెలుసుకోవచ్చు. తెలుసుకొనుట పరిజ్ఞానమే."

ఇంటికొచ్చి చెబితే భార్య వాసవమ్మ బిందెలు లెక్కపెట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"వాళ్ళేమిస్తారంట?"

"ఏమీ ఇవ్వరు. పెట్టె చూడనిస్తారు."

"మీరు చూస్తే నా బిందె నిండుద్దా?"

"ముందు చూడనీయవే. చూడకుండా బేరం ఎట్టా తెగుద్ది?"

సీలు తీసేముందు పంచనామా జరగాలి. పంపు ఆపరేటరు బాజీ, టీ తెచ్చినాయన, పెట్టె విప్పడానికి ఆ పూట నీళ్ళు ఆపారని తిట్టడానికొచ్చిన ముగ్గురు రథంపేటవాళ్ళు, వెరసి ఐదుగురు సాక్షులయ్యారు. రాయడానికి సీనియర్ అసిస్టెంటు మేరీ సుగుణ కూర్చుంది. ఆమె రాసిందంటే ఆ వస్తువు లోకంలో ఉన్నట్టు; రాయలేదంటే లేనట్టు. ఆమె కాపురం కూడా గానుగపేటలోనే గానీ, ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక ఆమెకు ఏ పేటా ఉండదు.

పానకాలు మూత తీసి ఒక్కొక్కటే చూపిస్తూ పోయాడు.

"ఒకటి, పచ్చ అట్ట," అంది సుగుణ.

"అట్ట కాదమ్మా, బోర్డు. అన్నిటికీ నేల అదే."

"పన్నెండు?"

"కెపాసిటరు."

"ఉబ్బిన కెపాసిటరు, ఒకటి."

"ఉబ్బింది అని రాయమాకమ్మా. పుట్టుకతో ఉబ్బింది కాదు, పాడైపోయి ఉబ్బింది."

"కంటికి కనపడింది రాయకపోతే ఇక పంచనామా ఎందుకండీ? ఇరవై ఆరు?"

"ఇది చిప్పు. పెట్టెకు తలకాయ ఇదే. ఎవరూ నకలు తీయకుండా కంపెనీవాళ్ళు దీని నంబరు గీకేశారు."

"పేరు తెలుపుటకు నిరాకరించినది," అని రాసుకుంది సుగుణ.

ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై, ఇవి మూడూ వాల్వులను తెరిచే రిలేలు. రిలే అంటే చిప్పు నుంచి హుకుం రాగానే టక్కున అతుక్కుని వాల్వుకు కరెంటు పంపే చిన్న రేకు నాలుక. మొదటి రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూడోదాని దగ్గర పానకాలు ఆగిపోయాడు.

"నలభై ఒకటి?" అంది సుగుణ.

"బల్లి," అన్నాడు పానకాలు.

ఎండి అప్పడమైపోయిన బల్లి. తల బోర్డు మీద ఉంది. తోక సరిగ్గా మూడో రిలే నాలుక సందులో ఇరుక్కుంది. మూడేళ్ల గానుగపేట కథంతా పానకాలుకు ఆ ఒక్క చూపులో అర్థమైపోయింది. తోక అడ్డం ఉండడంవల్ల నాలుక పూర్తిగా అతుక్కోవడంలేదు. అంటీ అంటనట్టు అంటి, వేడెక్కి, పదకొండు నిమిషాలకు వదిలేస్తోంది. అతను పట్టకారు అందుకున్నాడు.

"ఆగండి!" అన్నాడు శరభలింగం. "రాయడం అయినదా?"

"అయింది సార్. మృత బల్లి, ఒకటి. పొడవు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. తోక తూర్పుకు."

"అయితే ఇక ముట్టరాదు. పంచనామాలో చేరినది పెట్టెలో అంతర్భాగం."

"సార్, చచ్చిన బల్లి సార్ అది!"

"పెట్టెలో తక్కినవి మాత్రం బతికి ఉన్నవా?" అన్నాడు శరభలింగం. పానకాలు పట్టకారు జేబులో వేసుకున్నాడు.

నకలు తీయడానికి మూడు వారాలు పట్టింది. పదిహేను రోజుల పక్షోత్సవాలను అందుకోసం రెండుసార్లు పొడిగించారు. బోర్డును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని రాగి దారులు చూశాడు. మల్టీమీటరు ఒక మొన ఇక్కడ, ఇంకో మొన అక్కడ పెట్టి, కుయ్యిమంటే గీత, అనకపోతే లేదు అన్నట్టు కాగితం నింపాడు. నంబరు గీకేసిన చిప్పుకు నలభై కాళ్ళు. వాటిలో కరెంటు దేనికి వస్తోంది, హుకుం దేనినుంచి పోతోంది అని చూసుకుంటూ పోతే, తన ప్రభ పెట్టెలో ఉన్న చిప్పే అని తేలింది. నెమలి పురి విప్పేదీ, ఊరికి నీళ్ళు విప్పేదీ ఒకటే. నెమలికి ముప్పై వరుసలు, ఊరికి మూడే. ఆ లెక్కన నెమలే గొప్పది.

లోపలి ప్రోగ్రాముకు తాళం ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. పంపుహౌసులో ఎనిమిది రోజులు స్టూలు వేసుకుని కూర్చుని, తొట్టి ఎంత నిండితే ఏ దీపం వెలుగుతోందో రాసుకున్నాడు. మూడో రిలే ఎర్రదీపం రోజూ నలభై నిమిషాలూ వెలుగుతూనే ఉంది. అంటే ప్రోగ్రాము పాపం ఏమీ లేదు. నలభై ఇమ్మనే చెబుతోంది. పదకొండుకు కోసింది తోకే.

బొమ్మ గీసి ఇస్తే శరభలింగం రెండు రోజుల్లో తిప్పి పంపాడు. "పంచనామాలో భాగములు నలభై ఒకటి. బొమ్మలో నలభై. తేడా వివరింపుడు."

"సార్, దానికి బొమ్మలో గుర్తంటూ లేదు," అన్నాడు పానకాలు.

"లేనిచో కల్పింపుడు."

పానకాలు ఒక వంకర గీత గీసి నాలుగు కాళ్ళు పెట్టాడు.

"దీని విలువ ఎన్ని ఓములు?"

అదీ కొలిచాడు. ఎండకాసిన రోజున ఇరవై లక్షల ఓములు, ముసురు పట్టిన రోజున ఆరు లక్షలు. ఈ అంకెలు చూసి శరభలింగం కుర్చీలోంచి లేచాడు.

"అనగా, తేమను బట్టి మారుచున్నది!"

"తడిస్తే ఏదైనా మారుద్ది సార్."

శరభలింగం అప్పటికే రాజధానికి ఉత్తరం రాయిస్తున్నాడు. నాలుగో రోజున నిపుణుడు డాక్టర్ కమలాకరం కారులో దిగాడు. భూతద్దంతో బల్లిని అరగంట చూశాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దీన్ని మీరు బల్లి అనుకున్నారు. ఇది జైవిక తేమ నియంత్రిక. ముసురు రోజున ఊరికి నీళ్ళెందుకు? అందుకే కోస్తుంది. ఇంత సున్నితమైన భాగాన్ని ఇంత తక్కువ స్థలంలో అమర్చడం మనవల్ల అయ్యే పనేనా?"

"ఎండ రోజున కూడా కోస్తంది కదండీ," అన్నాడు బాజీ, తలుపు దగ్గర నిలబడి.

"అది దాని విచక్షణ," అన్నాడు నిపుణుడు.

"మరి ఒక్క గానుగపేటకే ఎందుకు కోస్తందండీ?"

"నువ్వు ఆపరేటరువా, ఇంజనీరువా?" అన్నాడు శరభలింగం. బాజీ ఆపరేటరే కాబట్టి పంపు దగ్గరికి పోయాడు.

ఈ సంగతి విని వాసవమ్మ పంచాంగం ముందేసుకుంది. "తల మీద పడితే కలహం, భుజం మీద పడితే లాభం అని అన్నీ రాశారు. రిలే మీద పడితే ఏం ఫలమో ఎవరూ రాయలేదు చూడండి."

"నేను రాస్తాలే. పేటంతటికీ దాహం."

నకలు తయారైంది. ఉబ్బిన కెపాసిటరు కోసం పానకాలు పాత సామాను కొట్లు నాలుగు తిరగాల్సి వచ్చింది. మంచివైతే ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. నలభై భాగాలూ పెట్టి, తను రాసిన ప్రోగ్రాము ఎక్కించాడు. నలభై ఒకటోది మాత్రం పెట్టలేదు. పరీక్ష రోజున అసలు పెట్టెను విప్పదీసి బల్ల మీద ఉంచి, దాని చోట నకలు బిగించారు. శరభలింగం రిబ్బను కత్తిరించి స్టాప్‌వాచ్ నొక్కాడు.

కోటపేటకు నలభై. రథంపేటకు నలభై. గానుగపేట వాల్వు తెరుచుకుంది. పది నిమిషాలు, పదకొండు, పన్నెండు. పదమూడో నిమిషంలో పానకాలు ఫోను మోగింది.

"ఏమండీ, నీళ్ళు ఆగట్లా!" వాసవమ్మ గొంతు వెనక బిందెల చప్పుడు. "బిందెలైపోయినయి. డ్రమ్ములైపోయినయి. ఇప్పుడు ఇడ్లీపాత్రలో పడుతున్నా. పక్కింటి సూరమ్మత్త నీళ్ళ కింద కూర్చుని లేవనంటంది!"

సరిగ్గా నలభయ్యో నిమిషాన వాల్వు మూసుకుంది. పానకాలు కళ్ళు తుడుచుకున్నాడు. శరభలింగం స్టాప్‌వాచ్ ఆపి, సుగుణ వైపు తిరిగి, "విఫలము అని రాయండి" అన్నాడు.

"సార్!"

"అసలు పదకొండు నిమిషములు ఇచ్చును. నకలు నలభై ఇచ్చినది. ఇరవై తొమ్మిది నిమిషముల తేడా. రవ్వంత కూడా ఉండరాదన్నచోట ఇరవై తొమ్మిదా?"

"ఎక్కువిచ్చింది కదండీ?"

"ఎక్కువ కూడా తేడాయే. నకలు విప్పి అసలు బిగింపుడు. పదిరోజుల్లో నలభై ఒకటో భాగము అమర్చి తెండి. కొత్తదై ఉండవలెను, వాడినది పనికిరాదు. తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. తోక తూర్పుకు. లేనిచో నకలు తిరస్కరింపబడి, అసలే శాశ్వతముగా కొనసాగును."

పానకాలు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. లెక్క ఎటు వేసినా ఒకటే వస్తోంది. బల్లి పెడితే నకలు పాసవుతుంది, పేటకు పదకొండు నిమిషాలు. పెట్టకపోతే అసలు ఉంటుంది, పేటకు పదకొండు నిమిషాలు. బల్లిని తను తీసేస్తే ప్రభుత్వ ఆస్తిని మార్చిన నేరం, దుకాణానికి సీలు. రెండువైపులా నష్టమే కనపడే బేరంలో మూడోవైపు ఒకటి ఉంటుందనేవాడు తండ్రి. మున్సిపాలిటీ గురించి చెప్పిన మాట ఎలాగూ ఖర్చయిపోయింది కాబట్టి, పానకాలు ఈ మాట వాడుకుందామనుకున్నాడు.

మర్నాడు అసలు పెట్టెను తిరిగి బిగించింది పానకాలే. శ్రద్ధగా, ఒక్క భాగాన్ని కూడా కదల్చకుండా బిగించాడు. సాక్షులు చూశారు. సుగుణ రాసుకుంది. తర్వాత అతను పంపుహౌసు కుళాయి దగ్గర మంచినీళ్ళు తాగాడు. ఎప్పటిలా ముందు కొరుక్కుందామని జేబులో చెయ్యి పెడితే బెల్లం ముక్క లేదు. ఎక్కడ పెట్టి మరిచాడో గుర్తు రాలేదు. వయసు మీదపడుతోంది.

మూడో రోజు పొద్దున్నే బాజీ దుకాణానికి పరిగెత్తుకొచ్చాడు.

"శెట్టిగారూ, కొంప మునిగింది! నలభై ఒకటి లేదు!"

"లేకపోవడమేంది?"

"చీమలయ్యా! పెట్టెలోంచి గోడ దాకా బారులు తీరినయి. నేను చూసేసరికి తోక ముక్క ఒక్కటే గోడెక్కతంది. మా పెద్దమ్మాయి పెళ్ళికి కూడా అంత ఊరేగింపు జరగలా!"

మళ్ళీ పంచనామా. అదే ఐదుగురు సాక్షులు. శరభలింగం ముఖం తెల్లబోయి ఉంది. అసలు పెట్టె ఆ పొద్దున గానుగపేటకు నలభై నిమిషాలు నీళ్ళిచ్చింది. అంటే అసలే అసలుకు భిన్నంగా ఉంది. ఇలాంటిదానికి సర్క్యులర్‌లో పేరా లేదు.

సుగుణ పెట్టెలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. మూడో రిలే పక్కన, బల్లి ఉండాల్సిన చోట, గోధుమరంగులో ఒక జిగురు మరక మెరుస్తోంది. నాలుగైదు చీమలు ఇంకా దాన్ని వదల్లేదు. సుగుణ తలెత్తి పానకాలు వైపు చూసింది. పానకాలు పైకప్పు చూస్తున్నాడు.

"కంటికి కనపడినదంతా రాశారా?" అన్నాడు శరభలింగం.

సుగుణ కలం ఒక్క క్షణం ఆగింది. పొద్దున ఆమె ఇంట్లో మూడేళ్ల తర్వాత దుప్పట్లు ఉతికారు.

"చీమలు రాశాను సార్. ఇంకేమీ లేవు," అంది.

ఆ తర్వాత దారి చూపించింది కూడా ఆమే. "సార్, పెట్టెలో తక్కిన నలభై అట్టాగే ఉన్నాయి. ఇదొక్కటే వాడకంలో అరిగిపోయింది. బల్బులు, చీపుళ్ళు, గుడ్డపీలికలు అరిగిపోయినట్టే కదా? వీటిని మనం వినియోగ వస్తువుల కింద రాస్తాం. వినియోగ వస్తువులు నకలులో చూపక్కర్లేదు. స్టోర్సు వాళ్ళు ఇండెంటు మీద సరఫరా చేస్తారు."

శరభలింగం ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. "అనగా, భాగము లేకపోయినను స్థానము ఉన్నది!"

"అంతే సార్. స్థానం ఉంది. సరుకు రావాలి."

ఆ సాయంత్రమే ఇండెంటు వెళ్ళింది: "బల్లి, మృత, ఎండినది, కొత్తది, 9.5 సెం.మీ., ఒకటి." స్టోర్సువారు దానిని టెండరు పిలవడానికి అనుమతి కోరుతూ పైకి పంపారు. పైవారు అది పశుసంవర్ధక శాఖ కిందికి వచ్చునా, అటవీ శాఖ కిందికి వచ్చునా అని రెండు శాఖలకూ రాశారు. పశుసంవర్ధక శాఖవారు అది పాలివ్వదు గనుక తమది కాదన్నారు. అటవీ శాఖవారు అది గోడ మీద దొరుకును గనుక గృహనిర్మాణ శాఖవారిని అడగమన్నారు. ఆ ఫైలు ఇప్పటికీ ప్రయాణంలోనే ఉంది. ఎవరూ దాన్ని తొందరపెట్టలేదు. గానుగపేటవాళ్ళయితే అసలే తొందరపెట్టలేదు.

నకలు అసలుతో సరిపోయిందని తీర్మానమైంది. అసలును అద్దాల బీరువాలో పెట్టి, నకలును పనిలో పెట్టారు. పక్షోత్సవాలలో రావెలపురానికి ద్వితీయ బహుమతి వచ్చింది. పానకాలు గీసిన బొమ్మ మరో ఇరవై నాలుగు ఊళ్ళకు వెళ్ళింది. ఆ ఊళ్ళన్నిటా పెట్టెల్లో మూడో రిలే పక్కన తెల్ల రంగుతో చిన్న గడి గీసి, "నలభై ఒకటి: ఖాళీ" అని రాసి ఉంటుంది. కమలాకరం రెండు ఊళ్ళకు స్వయంగా వెళ్ళి, గడి సరిగ్గా తూర్పుకు తిరిగి ఉందో లేదో చూసి వచ్చాడు.

మొన్నొక రోజు పానకాలు పంపుహౌసు మీదుగా పోతూ తొంగిచూశాడు. కొత్త పెట్టె పైన గోడ మీద ఒక బల్లి, బతికున్నదే, కిందికి చూస్తూ వేచి ఉంది. బాజీ చీపురు పట్టుకుని దాని ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంది బాజీ?"

"పొద్దుట్నుంచీ ఇదే వరస శెట్టిగారూ. లోపలికి పోదామని చూస్తంది. ఇండెంటు చూపించమన్నా. లేదంట."

పానకాలు ఇంటికొచ్చేసరికి కుళాయి పారుతోంది. వాసవమ్మ గడప కడుగుతోంది. కడిగిన గడపనే రెండోసారి కడుగుతోంది.

"ఇంతకీ ఇన్ని నెలలు తిరిగారు," అంది. "మనకేం మిగిలినట్టు?"

పానకాలు పనిముట్ల పెట్టె దించి, లోపల చూసుకుని లెక్క చెప్పాడు. సోల్డరింగు ఐరన్ ఉంది. మల్టీమీటరు ఉంది. స్క్రూడ్రైవర్లు మూడింటిలో ఒకటి రెండో పంచనామాలో సాక్ష్యం కింద పోయింది, రెండున్నాయి. పట్టకారు ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు. తండ్రి మాటల్లో ఒకటి పోయింది, ఒకటి పనికొచ్చింది. వచ్చింది, రోజుకు ఇరవై తొమ్మిది నిమిషాలు. పోయింది, ఒక బెల్లం ముక్క.